కోస్తాలో నెట్టు, హైదరాబాదులో గోలుపోస్టు

1983 జులైలో ఎం.ఏ. తెలుగు చదవడానికి ఉస్మానియా విశ్వవిద్యాలయానికి వెళ్ళాను. మాది కృష్ణా డెల్టాలో ఒక పల్లెటూరు. అప్పటికి భాషాప్రవీణ పూర్తయింది. స్థానికేతరులకు కేటాయించిన కొద్దిపాటి సీట్లలో ఒకటి నాకు దక్కింది. ఒక ట్రంకుపెట్టె, ఒక పరుపుచుట్ట. ఆ చుట్టలో బాలవ్యాకరణంతో పాటు ఒక బ్యాడ్మింటన్ బ్యాటు, రెండు పసుపుపచ్చ ఉలెన్ బంతులు. హాస్టలు గదిలో చుట్ట విప్పగానే అవి దొర్లుకుంటూ పోయి నా సహవాసి కాళ్ళ దగ్గర ఆగాయి. ఆయన సికింద్రాబాదు కుర్రవాడు. ఒక బంతిని వేళ్ళతో నొక్కి చూసి, "ఏంది భాయ్ ఇది? పిల్లి ఆడుకునేదా?" అన్నాడు.

నాకు కోపం వచ్చింది. మా ప్రాంతంలో సాయంత్రం నాలుగు దాటితే హైస్కూలు మాష్టర్లు, బ్యాంకు గుమాస్తాలు, కాలేజీ కుర్రాళ్ళు అందరూ ఈ పచ్చబంతి వెనకే పడేవారు. ఇరవై తొమ్మిదో పాయింటు దగ్గర ఊళ్ళ మధ్య పౌరుషాలు లేచేవి. అటువంటి బాల్ బ్యాడ్మింటన్ తెలియని విద్యార్థి ఒకడు మన రాష్ట్రంలోనే ఉంటాడని నేను ఊహించలేదు. అయితే మరునాడే నా అజ్ఞానమూ బయటపడింది. గదిలో మూడోవాడైన కరీంనగర్ జిల్లా మిత్రుడు, ఈ సికింద్రాబాదు ఆయన కలిసి రోవర్స్ కప్పు గురించి మాట్లాడుకుంటుంటే, అది ఏ ఆటకు ఇచ్చే కప్పో అడగవలసివచ్చింది. ఈసారి నవ్వడం వాళ్ళ వంతు. కరీంనగర్ మిత్రుడికి మాత్రం ఆ రెండు ఆటల మీదా మక్కువ లేదు. కబడ్డీ తప్ప తక్కినవన్నీ సోమరిపోతుల ఆటలని ఆయన సిద్ధాంతం.

ఒకే భాష మాట్లాడే ముగ్గురం, ఒకే ఈడువాళ్ళం. మా ఆటలు మాత్రం మూడు. ఎందుకిలా అన్న ప్రశ్న నన్ను నలభై ఏళ్ళుగా వదలలేదు. ఉద్యోగరీత్యా నాలుగైదు ఊళ్ళు తిరిగాను. పోయిన చోటల్లా పాత వ్యాయామోపాధ్యాయులను పట్టుకుని విసిగించాను. తెలుగు పండితుడికి ఆటల గొడవ దేనికని కొందరు నొసలు చిట్లించారు కూడా. వాళ్ళ అనుమానం సమంజసమే. మా ప్రాచ్య కళాశాలలో మేమెరిగిన ఏకైక క్రీడ అష్టావధానం!

సామాన్యంగా ఈ ప్రశ్నకు జవాబులు తేలిగ్గా దొరుకుతాయి. కోస్తావాళ్ళు సుకుమారులు కాబట్టి నెట్టుకు అటూ ఇటూ నిలబడి ఆడే ఆట పట్టుకున్నారని ఒకరు, నగరంలో నవాబీ దర్జా ఉంది కాబట్టి క్రికెట్టు వచ్చిందని మరొకరు. మట్టికీ రక్తానికీ ముడిపెట్టే ఇలాంటి వాదాల మీద నాకు నమ్మకం లేదు. నేను విన్నదాన్ని, చూసినదాన్ని బట్టి ఒక ఊరి విద్యార్థి ఏ ఆట ఆడతాడన్నది రెండు సంగతులు తేలుస్తాయి. అక్కడ ఖాళీగా ఉన్న నేల ఎంత అన్నది మొదటిది. ఆ ఊరి డ్రిల్లు మాష్టారు ఎక్కడ తర్ఫీదు పొంది వచ్చాడన్నది రెండవది.

ముందు నేల సంగతి. వాలీబాల్ కోర్టు పొడవు 18 మీటర్లు, వెడల్పు 9 మీటర్లు. మన లెక్కలో సరిగ్గా నాలుగు సెంట్లు. బాల్ బ్యాడ్మింటన్ కోర్టు 24 మీటర్ల పొడవు, 12 మీటర్ల వెడల్పు, అంటే ఏడు సెంట్ల పైచిలుకు. ఫుట్‌బాల్ మైదానమో, 105 మీటర్లకు 68 మీటర్లు వేసుకుంటే ఎకరా ముప్పాతిక. ఇప్పుడు డెల్టాను తలచుకోండి. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో, బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయ్యాయి. కాలవ నీళ్ళు పారిన తరువాత మా ప్రాంతంలో గజం నేల కూడా ఊరికే పడి ఉండలేదు. సార్వా, దాళ్వా పండే ఎకరా ముప్పాతిక మాగాణిని బంతిని తన్నుకోవడానికి వదిలిపెట్టే రైతును నేను చూడలేదు, మీరూ చూసి ఉండరు. నాలుగు సెంట్లయితే మాత్రం గుడి వెనక దొరుకుతుంది, చెరువుగట్టు పక్కన దొరుకుతుంది, కుప్పనూర్పిళ్ళు అయిపోయాక కళ్ళంలో దొరుకుతుంది. రెండు సరుగుడు వాసాలు పాతి నెట్టు కడితే చాలు. ఫుట్‌బాల్ ఖరీదైన ఆట కానే కాదు. ఇరవై ఇద్దరికి ఒక బంతి సరిపోతుంది, 1948 లండన్ ఒలింపిక్స్‌లో మనవాళ్ళలో చాలామంది బూట్లు కూడా లేకుండా ఆడారు. మాకు కరువైనది డబ్బు కాదు, నేల.

ఇక మాష్టారు. కోస్తా జిల్లాలు, రాయలసీమ 1953 వరకు మద్రాసు పాలనలో ఉన్నవే. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయం వచ్చినప్పటి నుండి మన కళాశాలలు దానికి అనుబంధాలు. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం వచ్చిన తరువాత కూడా ఉపాధ్యాయ శిక్షణకు మద్రాసు వైపే చూసేవారు. అక్కడ 1920లో హ్యారీ క్రో బక్ అనే అమెరికా దేశస్థుడు వై.ఎం.సి.ఎ. తరఫున వ్యాయామ విద్యా కళాశాల ప్రారంభించాడు. 1924 పారిస్ ఒలింపిక్స్‌కు భారత జట్టుతో వెళ్ళినవాడు ఈయనే. బాస్కెట్‌బాల్ 1891లోను, వాలీబాల్ 1895లోను అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో పుట్టాయి. రెండూ వై.ఎం.సి.ఎ. వారి వ్యాయామశాలల్లో పుట్టిన బిడ్డలే. మంచు కురిసే చలికాలంలో బయట ఆడుకోవడం కుదరక, నాలుగు గోడల మధ్య ఆడుకోవడానికి కల్పించుకున్న ఆటలవి. కొంచెం జాగాలో ఎక్కువమంది ఆడాలన్నది వాటి ప్రాణసూత్రం. చలిదేశంలో గోడల వల్ల ఏర్పడిన ఇరుకు, మా దగ్గర వరిచేల వల్ల ఏర్పడింది. కాబట్టి మంచు కోసం పుట్టిన ఆట మే నెల ఎండలో మా కళ్ళాలకు అతికినట్లు సరిపోయింది.

మా హైస్కూలు డ్రిల్లు మాష్టారు ఆ కాలేజీలోనే, బక్ దొర చివరి రోజుల్లో (ఆయన 1943లో పోయారు) చదువుకున్నవారు. ఖాకీ నిక్కరు, తెల్ల చొక్కా, మెడలో నల్లతాడుకు ఈల. "దొర మాకు మొదట నేర్పింది ఆడటం కాదురా, కోర్టు గీయడం" అనేవారు. సున్నం నీళ్ళు, పురికొస, నాలుగు మేకులు. పురికొసలో 3, 4, 5 మూరల ముడులు వేసి మూల లంబంగా వచ్చేట్టు లాగేవారు. పైథాగరస్ సిద్ధాంతం మాకు లెక్కల మాష్టారి కంటే ముందు ఆయన దగ్గరే పరిచయం. కోస్తాలో ఆ తరంలో పేరుపడ్డ డ్రిల్లు మాష్టర్లలో నాకు తెలిసినవాళ్ళంతా మద్రాసులో చదువుకున్నవాళ్ళే. వాళ్ళు పోయిన ప్రతి బోర్డు హైస్కూలులోను మొదట లేచింది వాలీబాల్ నెట్టు. ఆ హైస్కూలు పిల్లలే తరువాత గుంటూరు ఏ.సి. కాలేజీకో, బందరు నోబుల్ కాలేజీకో, కాకినాడ పి.ఆర్. కాలేజీకో పోయారు. ఆట కూడా వాళ్ళతోనే పోయింది. కాలేజీలు మా ప్రాంతంలో ఆటను పుట్టించలేదు, హైస్కూళ్ళు పంపినదాన్ని పుచ్చుకున్నాయి. 1986 సియోల్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన వాలీబాల్ జట్టులో పి.వి. రమణ ఉన్నారంటే మాకు ఆశ్చర్యం కలగలేదు. ఇవాళ లోకం ఆయన్ని సింధు తండ్రిగా ఎరుగును. మా తరానికి మాత్రం సింధు రమణగారి అమ్మాయి.

బాల్ బ్యాడ్మింటన్ దారి వేరు. అది తంజావూరు రాజకుటుంబం ఆడిన ఆట అని ప్రతీతి. మద్రాసు రాష్ట్రమంతటా వ్యాపించి మనకూ వచ్చింది. జట్టుకు ఐదుగురు, ఉన్నితో చేసిన పచ్చబంతి. షటిల్ కాక్ ఈకలు సముద్రపుగాలికి నిలవవు, అది తలుపులు మూసుకుని ఆడవలసిన ఆట. ఉన్నిబంతికి ఆ బెంగ లేదు, కాస్త గాలి వీచినా ఆరుబయట ఆడవచ్చు. తీరప్రాంతంలో అది నిలదొక్కుకోవడానికి ఇదొక కారణమని నా ఊహ. మరొక కారణం కూడా ఉంది. ఒకరినొకరు తాకని ఆట కనుక, అన్ని కులాలవారు ఒకే కోర్టులోకి దిగడానికి పెద్దలు అంతగా అడ్డు చెప్పలేదని మా మాష్టారు ఒకసారి మెల్లగా అన్నారు. చెడుగుడులో ఒకడి మీద ఒకడు పడాలి. పడటమే ఆట. మా ఊళ్ళో చెడుగుడు ఏ పేటకు ఆ పేటే ఆడుకునేది. నెట్టు అడ్డం ఉన్నందువల్ల కలిసి ఆడగలిగాం! ఆ మాట తలచుకున్నప్పుడల్లా నాకు ఇప్పటికీ ఇబ్బందిగానే ఉంటుంది.

ఉత్తరాంధ్ర తీరే వేరు. అక్కడ కళాశాలల కంటే ముందే తాలింఖానాలు, సాముగరిడీలు ఉన్నాయి. వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు (1882-1942) గుండె మీద ఏనుగును ఎక్కించుకున్న కథ మనందరం విన్నదే. అందరికీ తెలియని సంగతి ఒకటుంది. ఆయన మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది వచ్చి, తాను చదువుకున్న విజయనగరం హైస్కూలులోనే డ్రిల్లు మాష్టారుగా పనిచేశారు. సర్కసు ఆ తరువాతి మాట. సైదాపేట చదువు, గరిడీ సంప్రదాయం ఒకే మనిషిలో కలిశాయి. ఆ జిల్లాల్లో బరువులెత్తే విద్య పల్లెల దాకా పాకిందంటే దాని వెనక ఇటువంటి మనుషులున్నారు. 2000లో సిడ్నీలో కంచు పతకం గెలిచి, ఒలింపిక్ పతకం సాధించిన తొలి భారతీయ మహిళ అయిన కరణం మల్లీశ్వరి శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట అమ్మాయి. కృష్ణా జిల్లాలోనూ బరువులెత్తినవారు లేకపోలేదు. నర్తనశాల చిత్రంలో భీముడిగా కనిపించిన దండమూడి రాజగోపాలరావు మావాడేనని మేము గొప్పలు పోయేవాళ్ళం.

రాయలసీమ గురించి నాకు స్వానుభవం తక్కువ. అనంతపురం కాలేజీ 1916 నాటిది. సీమ కళాశాలలు 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరినా, 1929లో మళ్ళీ మద్రాసుకు మళ్ళాయి. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం రావడానికి 1954 దాకా ఆగవలసివచ్చింది. అక్కడ నేలకు కొదవలేదు, కాలేజీలకు, మాష్టర్లకు కొదవ. తరువాతి రోజుల్లో అనంతపురంలో ఒక స్వచ్ఛంద సంస్థ (విన్సెంట్ ఫెర్రర్ 1969లో స్థాపించిన ఆర్.డి.టి.) మైదానాలు పరిచి శిక్షకులను పెట్టగానే ఫుట్‌బాల్, హాకీ, క్రికెట్టు అన్నీ మొలిచాయి. 2024లో దులీప్ ట్రోఫీ పోటీలు అక్కడే జరిగాయి. మట్టిని బట్టి ఆట పుడుతుందనేవారు ఈ సంగతికి ఏం చెబుతారో!

ఇప్పుడు నా సహవాసి ఊరికి వద్దాం. సికింద్రాబాదు 1806లో కంటోన్మెంటుగా వెలిసింది. తెల్ల సిపాయిలకు కవాతు మైదానాలు కావాలి. కవాతు లేని సాయంత్రాలు వాళ్ళకు ఫుట్‌బాలు, హాకీ, క్రికెట్టు. నగరం చుట్టూ ఉన్నది రాతినేల, మాగాణి కాదు. కనుక విశాలమైన మైదానాలు మిగిలాయి. 1887లో నిజాం కళాశాల వచ్చింది. నవాబులు, జాగీర్దార్లు క్రికెట్టును పోషించారు. 1934లో రంజీ పోటీలు మొదలైననాడే హైదరాబాదు జట్టు బరిలో ఉంది, 1937-38లో కప్పు కూడా గెలిచింది. మన ఆంధ్ర జట్టు తొలిసారి రంజీ ఆడింది 1953-54లో. ఆ జట్టుకు బందరు మూలాలున్న సి.కె. నాయుడు యాభై ఏళ్ళు దాటిన వయసులో వచ్చి ఆడారు. 1956లో రాష్ట్రాలు కలిశాయి, 2014లో విడిపోయాయి. కలిసి ఉన్న ఆ యాభై ఎనిమిదేళ్ళలోనూ రంజీలో ఆంధ్ర జట్టు వేరు, హైదరాబాదు జట్టు వేరు. శాసనసభ ఒకటైంది, సచివాలయం ఒకటైంది, క్రికెట్టు మాత్రం ఒక్కరోజు కూడా కలవలేదు.

అయితే హైదరాబాదు గల్లీల గుండెకాయ క్రికెట్టు కాదు, ఫుట్‌బాలు. దాని కథలో మళ్ళీ ఒక మాష్టారే కనిపిస్తాడు. సయ్యద్ అబ్దుల్ రహీం 1909లో హైదరాబాదులో పుట్టారు. ఉస్మానియాలో బి.ఏ. చదివి, విశ్వవిద్యాలయం జట్టుకు ఆడి, నగరంలోని పాఠశాలల్లో ఉపాధ్యాయుడిగా పనిచేశారు. వ్యాయామ విద్యలో డిప్లొమా పుచ్చుకున్నారు. అందరికీ ఆయన రహీం సాబ్. ఆయన పెట్టించిన పోటీలు వింటే ఉపాధ్యాయుడన్నవాడికి ముచ్చట కలుగుతుంది. బంతిని దగ్గర ఉంచుకుని డ్రిబ్లింగ్ చేయకూడదు, అందగానే మరొకరికి అందించాలి అన్న నియమంతో ఒక పోటీ. అలవాటు లేని కాలితోనే తన్నాలన్న నియమంతో మరొకటి. యతి తప్పకుండా పద్యం రాయమని పిల్లలకు నేను పెట్టిన పరీక్షల కంటే ఇవి ఎన్నో రెట్లు మేలైనవి. కట్టడి పెడితేనే విద్య పదునెక్కుతుందని ఎరిగిన గురువు ఆయన.

తరువాతి చరిత్ర జగమెరిగినదే. ఆయన శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. భారత జట్టు 1951లో ఢిల్లీలోను, 1962లో జకార్తాలోను ఆసియా క్రీడల స్వర్ణం గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. ఆ మెల్‌బోర్న్ జట్టులో తులసీదాస్ బలరాం, పీటర్ తంగరాజ్, నూర్ మహమ్మద్, అజీజుద్దీన్ వంటి హైదరాబాదు, సికింద్రాబాదు కుర్రవాళ్ళు ఎందరో. జకార్తా నాటికి రహీం సాబ్‌కు క్యాన్సర్. 1963 జూన్ 11న కన్నుమూశారు.

విద్యార్థుల కోణం నుండి చూస్తే ఈ కథలో అసలు కీలకం పోలీసు జట్టు. బాగా ఆడినవాడికి కానిస్టేబులు ఉద్యోగం ఉంది, జీతం ఉంది. కొడుకు చదువు మానేసి బంతి వెంట పడుతున్నాడని సికింద్రాబాదు తండ్రి గోల పెట్టడు. ఆ బంతే అన్నం పెడుతుందని ఆయనకు తెలుసు. మా కోస్తాలో వాలీబాలుకు రైల్వేలు, విద్యుత్ సంస్థలు కొంతవరకు ఆ పని చేశాయి. బాల్ బ్యాడ్మింటన్‌కు అంత అదృష్టం లేదు. ఒలింపిక్స్‌లో లేని ఆట, ఆసియా క్రీడల్లో లేని ఆట. దాన్ని నమ్ముకున్నవాడికి సాయంకాలం తప్ప మరేమీ మిగల్లేదు.

నగరం దాటితే ఈ ఫుట్‌బాలు పలచబడిపోయేది. 1956-57, 1957-58లో హైదరాబాదు పేరుతో, 1965-66లో ఆంధ్రప్రదేశ్ పేరుతో సంతోష్ ట్రోఫీ గెలిచాం. పేరు మారినా ఆ విజయాల పునాది జంటనగరాలే. నిజాం కాలంలో ఉన్నత విద్య నగరంలోనే పోగుపడింది, అదీ ఉర్దూలో. 1918లో స్థాపించిన ఉస్మానియాలో ఉర్దూయే బోధనభాష. జిల్లాల్లోని తెలుగు పిల్లవాడికి కళాశాల ఎంత దూరమో, కళాశాల మైదానం కూడా అంతే దూరం. అందుకే మా కరీంనగర్ మిత్రుడు చేలల్లో నేర్చిన కబడ్డీని హాస్టలు దాకా మోసుకొచ్చాడు. దానికి నేల కొలత ఉంది గాని సామగ్రి ఏమీ అక్కరలేదు, బంతి కూడా అక్కరలేదు. ఊపిరి ఉంటే చాలు. కూతలోని శబ్దమే ఆటకు పేరైన 'చెడుగుడు' అన్న మాట ఆయనకు నేను నేర్పాను. గుక్క తిప్పుకోకుండా కూత ఎలా పెట్టాలో ఆయన నాకు నేర్పాడు. ఆ బేరంలో లాభం నాదే.

ఆడపిల్లల సంగతి చెప్పకపోతే ఈ టపా సగమే. మన కావ్యాల్లో కందుకక్రీడ అంటే కన్యలదే. కేతన తెనిగించిన దశకుమార చరిత్రలో కందుకావతి బంతాట కోసం ఊరంతా కదిలివస్తుంది. తీరా ఇరవయ్యో శతాబ్దంలో మన బాలికల పాఠశాలలు వారి చేతికి బంతి ఇవ్వక రబ్బరు రింగు ఇచ్చాయి. టెన్నికాయిట్! ఓడల మీద ప్రయాణికులు పొద్దుపుచ్చడానికి ఆడుకున్న ఆట అది. పరికిణీ, ఓణీతో ఆడవచ్చు, ప్రహరీ గోడ లోపలే ఆడవచ్చు. కోస్తాలోను, తెలంగాణలోను నేను చూసిన బాలికల పాఠశాలలన్నిటా ఇదొక్కటే కనిపించింది. మగపిల్లల విషయంలో ప్రాంతాన్ని బట్టి మారిన ఆట ఆడపిల్లల విషయంలో ఎందుకు మారలేదు? వాళ్ళకు ఇచ్చిన నేల అన్నిచోట్లా ఒక్కటే గనుక.

1983 జూన్ 25 రాత్రి లార్డ్స్‌లో కపిల్ దేవ్ కప్పు ఎత్తాడు. నేను హాస్టలులో దిగింది ఆ తరువాత కొద్ది రోజులకే. ఆ ఏడాది నుండి బొమ్మపెట్టె ఊరూరా చేరింది, దానితో క్రికెట్టు చేరింది. 1986లో ఎంసెట్ వచ్చింది. ప్రాంతాల తేడాలను చెరిపినది ఈ రెండే. మొదటిది అన్ని ఊళ్ళకూ ఒకే ఆట చూపించింది, రెండవది అన్ని ఊళ్ళలోనూ ఆడేవేళను మింగింది. క్రికెట్టును నేను నిందించను. చూడటం వేరు, ఆడటం వేరు, అంతే.

ఇక ఇందులో నా వంతు పాపం కూడా చెప్పుకోవాలి.

1996లో నేను ఒక పెద్ద గ్రామంలోని హైస్కూలులో పనిచేస్తున్నాను. పదో తరగతి ఫలితాలు ఆ ముందు సంవత్సరం బాగా రాలేదు. డిసెంబరు నుండి పదో తరగతికి చివరి పీరియడు, అంటే డ్రిల్లు పీరియడు, నాకు ఇవ్వమని అడిగాను. వ్యాకరణం, ఛందస్సు మిగిలిపోయాయి. అక్కడి డ్రిల్లు మాష్టారు నాకంటే చిన్నవాడు. "తీసుకోండి పంతులుగారూ, మీదీ పిల్లల మంచికే కదా" అని నవ్వుతూ ఇచ్చేశాడు. ఆ తరగతిలో ఒక ఎడమచేతి వాటం కుర్రవాడుండేవాడు. బాల్ బ్యాడ్మింటన్‌లో జిల్లా జట్టుకు ఎంపికయ్యాడు. నెట్టు దగ్గర వాడి ఎడమచేతి కట్టు కొడితే బంతి ఎటు పడుతుందో ఎవరికీ అంతుపట్టేది కాదు. మొదటి రోజు నేను బోర్డు మీద గణాలు రాస్తుంటే లేచి నిలబడి, "మాష్టారూ, ఉత్పలమాల రేపు పొద్దున్నే వచ్చి చెప్పించుకుంటానండి, ఇప్పుడు వెళ్ళనా అండీ" అన్నాడు. తరగతంతా నవ్వింది, నేనూ నవ్వాను. "ఉత్పలమాల ఎక్కడికీ పోదు గాని నీ మార్కులు పోతాయి, కూర్చోరా" అన్నాను. కూర్చున్నాడు. కిటికీలోంచి కోర్టు కనిపిస్తూనే ఉంది. మార్చి దాకా రోజూ ఆ పీరియడు నాదే. ఆ ఏడు మా ఫలితాలు బాగా వచ్చాయి. నాకు సన్మానం కూడా చేశారు.

రెండేళ్ళకు కాబోలు, వేరే పని మీద పట్నం వెళ్ళినప్పుడు వాడు చదువుతున్న రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీకి వెళ్ళి చూసివచ్చాను. నాలుగంతస్తుల అద్దె భవనం. కింద ఆఫీసు, పైన తరగతులు, ఆపైన పడక. వాడు సన్నబడ్డాడు, కళ్ళద్దాలు వచ్చాయి. "ఆటస్థలం ఎక్కడరా?" అని అడిగాను. నన్ను డాబా మీదకు తీసుకుపోయాడు. తీగల మీద వందలకొద్దీ తువ్వాళ్ళు, లుంగీలు ఆరేసి ఉన్నాయి. "ఆదివారం సాయంత్రం అరగంట ఇక్కడ తిరగనిస్తారండీ" అన్నాడు. మరి బ్యాటు? ఇంట్లో అటక మీద ఉందట. గట్లు తెగిపోయాయట. నన్ను తప్పుపట్టే చూపు వాడి కళ్ళలో లేదు. గణాలు ఇంకా గుర్తున్నాయని చెప్పి, భ ర న భ భ ర వ అని గడగడా వల్లించాడు కూడా.

వాడు ఇప్పుడు అమెరికాలో ఉన్నాడు, బాగానే ఉన్నాడు. అందుచేత నా బాధకు లోకదృష్టిలో ఆధారమే లేదు. ఆ చివరి పీరియడు వాడిదని, నాది కాదని మాత్రం నాకు తెలుసు.

నిరుడు దసరాకు మా ఊరు వెళ్ళినప్పుడు హైస్కూలు వెనక్కి వెళ్ళి చూశాను. కోర్టు ఉన్నచోట అదనపు తరగతి గదులు లేచాయి. వాటికీ ప్రహరీకీ మధ్య నాలుగైదు సెంట్ల ఖాళీ మిగిలింది. పాత ఇనుప స్తంభాలు రెండూ అలాగే ఉన్నాయి, ఒకదానికి కొక్కెం కూడా ఉంది. ఎనిమిదో తరగతి పిల్లలు నలుగురు దానికి పాత చీర ఒకటి కట్టి వాలీబాల్ ఆడుతున్నారు. గీతలు మాత్రం వంకరగా గీసుకున్నారు. నన్ను చూసి ఆట ఆపారు, ఎవరో పెద్దమనిషి తిట్టడానికి వచ్చాడనుకున్నారేమో. పురికొస ఉందా అని అడిగాను. ఒకడు పరుగెత్తుకుపోయి కొట్టు నుండి తెచ్చాడు. మూడు, నాలుగు, ఐదు మూరలకు ముడులు వేసి, ఒక కొస వాడి చేతికిచ్చి మూల దగ్గర కూర్చోమన్నాను.